చీపురుతో ఊడిస్తే ముగ్గు పడాలి: బ్రౌజర్‌లోనే వీడియోను వెనక్కి తిప్పడం ఎలా

డాబా మీద నేల బోసిగా ఉంది. ఒకావిడ చీపురు పట్టుకుని వచ్చి నాలుగు వైపులా ఊడ్చింది. ఊడ్చిన చోటల్లా తెల్లటి గీతలు లేచాయి, చుక్కలు కలిశాయి, చివరికి నిండు ముగ్గు తేలింది. ఆవిడ చీపురు చంకలో పెట్టుకుని దర్జాగా వెళ్లిపోయింది.

పోయిన సంక్రాంతికి మా ఇంట్లో తీసిన పదిహేను సెకన్ల వీడియో ఇది. చూసినవాళ్లలో చాలామంది "ఏ యాప్?" అనే అడిగారు. యాప్ ఏమీ లేదు, ఏఐ అంతకంటే లేదు. అక్క ముందు ముగ్గు వేసింది, తర్వాత దాన్ని ఊడ్చేసింది. ఊడవడాన్ని ఫోన్‌లో తీసి, ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి, క్లిప్‌ను వెనక్కి తిప్పాం. తిప్పడానికి పట్టింది రెండు నిమిషాలు. తీయడానికి మాత్రం ఒక పూట పట్టింది, అదీ మూడో ప్రయత్నానికి కుదిరింది.

అందుకే బటన్ ఎక్కడుందో చెప్పడానికి కాస్త ఆలస్యంగా వస్తాను. రివర్స్ బటన్ నొక్కడం ఎవరికైనా వస్తుంది. ఏం తిప్పాలి, తిప్పబోయేదాన్ని ఎలా తీయాలి అన్న దగ్గరే వీడియో బాగుండటమో తేలిపోవడమో జరుగుతుంది.

కిటుకు కొత్తదేం కాదు, సినిమా అంత పాతది. 1896లో ఫ్రాన్స్‌లో లూమియర్ సోదరులు పనివాళ్లు ఒక గోడను పడగొట్టడం తీశారు. ప్రదర్శనలో దాన్ని ముందు మామూలుగా చూపించి, తర్వాత అదే రీలును వెనక్కి తిప్పేవారు. దుమ్ములోంచి ముక్కలు లేచి గోడ మళ్లీ నిలబడేది. అప్పట్లో మెషిన్ హ్యాండిల్ చేత్తోనే తిప్పేవారు. ఇప్పుడు ఆ పని బ్రౌజర్ చేస్తుంది, అంతే తేడా.

ఏది తిప్పితే బాగుంటుంది, ఏది తేలిపోతుంది

బంతిని పైకి విసిరి పట్టుకోవడం తీసి తిప్పి చూడండి. ఏమీ జరిగినట్టుండదు. ఎందుకంటే బంతి పైకి వెళ్లే దారీ, కిందికి దిగే దారీ ఒకలాంటివే. వెనక్కి తిప్పినా బంతి పైకి వెళ్తుంది, కిందికి వస్తుంది. ఉయ్యాల ఊగడమూ అంతే. తిరిగే సీలింగ్ ఫ్యాన్ కూడా అంతే, రెక్కల వాలు గమనించేంత ఓపిక ఎవరికీ ఉండదు. ఇలాంటివి తిప్పి "ఎఫెక్ట్ రాలేదేంటి" అని తల పట్టుకోకండి.

ఒకసారి జరిగితే మళ్లీ వెనక్కి రాని పనులే ఇక్కడ పనికొస్తాయి. చెల్లాచెదురయ్యేవి, పగిలేవి, కలిసిపోయేవి, చిరిగేవి. కొబ్బరికాయ కొట్టడం తిప్పితే రెండు చిప్పలూ నీళ్లతో సహా ఒక్కటవుతాయి. చిచ్చుబుడ్డి తిప్పితే రవ్వలన్నీ గాల్లోంచి వచ్చి బుడ్డిలోకి దూరతాయి. చెరువులోకి దూకిన పిల్లాడు నీళ్లలోంచి ఎగిరి, ఒంటి మీద తడి లేకుండా గట్టు మీద నిలబడతాడు. పొంగిన పాలు బుద్ధిగా గిన్నెలోకి దిగిపోతాయి. గాజుగ్లాసు నీళ్లలో ఒక చుక్క సిరా వేయండి. కరిగి పాకిన రంగంతా తిరిగి ఒక చుక్కగా దగ్గరపడటం చూస్తే మీరే నోరు తెరుస్తారు. మొదటిసారి చేసేవాళ్లకు నేను ఈ సిరా చుక్కే చెబుతాను. ఖర్చు లేదు, నటించేవాళ్లు అక్కర్లేదు, చెడితే ఇంకో గ్లాసు నీళ్లు.

చాయ్ పోయడం అందరికీ తట్టే ఐడియా. కప్పులోంచి చాయ్ ధారగా లేచి కెటిల్లోకి వెళ్తుంటే బాగానే ఉంటుంది. కాకపోతే ఆవిరి గురించి మర్చిపోతారు. వెనక్కి తిప్పినప్పుడు ఆవిరి పై నుంచి కప్పులోకి దిగుతుంది, ఎవరైనా ఇట్టే పట్టేస్తారు. పట్టేసినా పర్వాలేదు, వీడియో సరదాకే అనుకుంటే అలాగే వదిలేయండి. మాయ లాగా ఉండాలంటే మాత్రం చల్లారిన చాయ్ వాడండి.

తీసేటప్పుడే వెనక్కి ఆలోచించండి

ఇక ముగ్గు సంగతి. ఇందులో మేం చేసిన తప్పులే మీకు ఎక్కువ పనికొస్తాయి.

మొదటి తప్పు నేల దగ్గర. వాకిట్లో కల్లాపి చల్లి, దాని మీద ముగ్గు వేసి ఊడ్చాం. తడి నేల మీద పిండి కదలదు, పేస్టు లాగా పూసుకుపోతుంది. పైగా ఎండకు నేల ఆరుతూ రంగు మారుతుంది. వెనక్కి తిప్పితే పొడినేల దానంతట అదే తడుస్తూ కనిపించింది. కాబట్టి పొడిగా, నున్నగా ఉన్న సిమెంటు నేల ఎంచుకోండి. పిండి పొడిగా ఉండాలి, గీతలు పల్చగా ఉండాలి. చీపురు మెత్తటిది కావాలి, ఈనెల చీపురైతే గీతల మధ్య గీతలు మిగిల్చిపోతుంది.

రెండో తప్పు నడక. అక్క ముగ్గు ఊడ్చేసి మామూలుగా నడిచి ఫ్రేమ్‌లోంచి బయటికి వెళ్లింది. తిప్పి చూస్తే వీపు ముందు పెట్టుకుని వెనక్కి నడుస్తూ లోపలికి వచ్చింది! అప్పుడే గుట్టు రట్టయిపోయింది. దీనికి మందు ఒకటే, తీసేటప్పుడు రావడమూ పోవడమూ రెండూ వెనక్కి నడుస్తూ చేయాలి. తిప్పాక అవి ముందుకు నడిచినట్టు కనిపిస్తాయి. వెనక్కి నడిచేటప్పుడు చాలామంది తెలియకుండానే భుజం మీదుగా తల తిప్పి చూస్తారు. అలా చూడకుండా నాలుగైదుసార్లు ప్రాక్టీసు చేయించండి, దారిలో ఏ బకెట్టూ కుండీ లేకుండా చూసుకోండి. ముఖ్యంగా డాబా మీదైతే పిట్టగోడకు దూరంగా ఉండండి.

మూడోది చీపురు. మనం ఊడ్చేటప్పుడు మామూలుగా మన వైపుకో పక్కకో లాగుతాం. దాన్ని తిప్పితే చీపురు అవతలికి తోస్తున్నట్టు వింతగా ఉంటుంది. అందుకని తీసేటప్పుడు అవతలికి తోస్తూ ఊడవాలి. అక్కకు ఇది అస్సలు నచ్చలేదు, "ఇదేం ఊడవడంరా, పనిమనిషి చూస్తే నవ్వుతుంది" అంది. కానీ తిప్పాక చూస్తే చీపురు తన వైపుకు లాగుతూ గీతల్ని నేల మీద పరిచినట్టే వచ్చింది.

మొహంలో భావాలు కూడా తిరగబడతాయి. చివర్లో ముగ్గు చూసి నవ్వుతూ వెళ్లాలనుకుంటే, ఆ నవ్వు షూటింగ్ మొదట్లోనే రావాలి. అంటే వెనక్కి నడుస్తూ నవ్వు మొహంతో వచ్చి, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి ఊడ్చి, మళ్లీ వెనక్కి నడుస్తూ పోవాలి. ఒక కాగితం మీద ముందు చివరి వీడియో ఎలా ఉండాలో వరుసగా రాసుకుని, తర్వాత కింది నుంచి పైకి చదువుతూ తీయండి. ఇంతకంటే సులువైన దారి నాకు దొరకలేదు.

ఇక ఫోన్ సంగతి చకచకా చెప్పేస్తాను. ట్రైపాడ్ ఉంటే సరే, లేకపోతే స్టూలు మీద రెండు ఇటుకల మధ్య పెట్టండి. చేత్తో మాత్రం పట్టుకోవద్దు. ఫోకస్, వెలుతురు మధ్యలో మారకుండా స్క్రీన్ మీద వేలు కాసేపు నొక్కిపట్టి లాక్ చేయండి. చాలా ఫోన్లలో ఇది ఉంటుంది. వెనకాల రోడ్డు కనిపించకుండా చూసుకోండి. మీ మాయ ఎంత బాగున్నా, పక్కనే ఆటోలు రివర్స్‌లో పోతుంటే అందరి కళ్లూ వాటి మీదే ఉంటాయి. గాలికి పైట కొంగు ఎగిరినా, కాకి వెనక్కి ఎగిరినా అంతే. మొదట, చివర మూడేసి సెకన్లు ఏమీ కదలకుండా వదలండి, తర్వాత కత్తిరించుకోవడానికి చోటు ఉంటుంది.

క్లిప్‌ను తర్వాత నెమ్మది చేయాలనే ఆలోచన ఉంటే కెమెరా సెట్టింగుల్లో సెకనుకు 60 ఫ్రేములు (అంటే విడివిడి బొమ్మలు) పెట్టి తీయండి. సగం వేగానికి తగ్గించినా సెకనుకు 30 ఫ్రేములు మిగులుతాయి, నున్నగా కదులుతుంది. 30తో తీసి సగానికి తగ్గిస్తే మిగిలేది 15, అదురుతూ కనిపిస్తుంది.

బ్రౌజర్‌లో ఏం జరుగుతుంది, ఎందుకు హ్యాంగ్ అవుతుంది

మొదటిసారి నేను అత్యాశకు పోయి నాలుగు నిమిషాల వీడియో మొత్తాన్ని ఒక ఆన్‌లైన్ ఎడిటర్‌లో పడేసి రివర్స్ నొక్కాను. శాతం అంకె నత్తలా కదిలి, ల్యాప్‌టాప్ ఫ్యాన్ గోల పెట్టి, చివరికి ట్యాబ్ తెల్లబోయింది. నెట్ బాగాలేదనుకుని ఇంకోసారి చేశాను, మళ్లీ అదే. తప్పు నెట్‌ది కాదు, ఎడిటర్‌ది కూడా కాదు.

వీడియో ఫైల్ కిరాణాకొట్టు ఖాతా పుస్తకం లాంటిది. ఖాతాలో రోజూ ఇంట్లో ఉన్న సరుకంతా రాయరు, ఆ రోజు తీసుకెళ్లింది మాత్రమే రాస్తారు. వీడియోలోనూ అంతే. అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ ఉంటుంది. ఆ తర్వాతి ఫ్రేముల్లో చాలావరకు మారినంత మేరకే నమోదవుతుంది. ముందుకు చదువుతూ పోతే ఇబ్బంది లేదు. వెనక్కి చదవాలంటే మాత్రం, ప్రతిసారీ దగ్గర్లోని పూర్తి బొమ్మ దాకా వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి లెక్కగట్టుకుంటూ రావాలి. లేదంటే ఫ్రేములన్నీ ముందే విప్పి మెమొరీలో పరుచుకోవాలి. చాలా ఉపకరణాలు ఈ రెండో పనే చేస్తాయి.

విప్పితే ఎంతవుతుందో చూడండి. 1920×1080 సైజు ఫ్రేములో 20,73,600 చుక్కలు ఉంటాయి. కుదించని ఒక ఫ్రేముకు, మామూలుగా వాడే పద్ధతిలో, సుమారు 3 ఎంబీ కావాలి. సెకనుకు 30 ఫ్రేముల లెక్కన 20 సెకన్లకు 600 ఫ్రేములు, అంటే దాదాపు 1.9 జీబీ. ఫోన్‌లో 40, 50 ఎంబీ కనిపించే బుల్లి క్లిప్పే ఇది. 4కేలో తీస్తే చుక్కలు నాలుగింతలు, మెమొరీ కూడా నాలుగింతలు. 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో నాలుగు నిమిషాల వీడియో ఎందుకు పడిపోయిందో ఇప్పుడు అర్థమైందిగా.

కాబట్టి ముందు కత్తిరించండి, తర్వాతే తిప్పండి. ఈ వరుస మారిస్తే గంట పోతుంది. తిప్పాల్సింది ఎనిమిది సెకన్లే అయితే ఎనిమిదే ఇవ్వండి. ఫోన్ గ్యాలరీలోనే ట్రిమ్ ఉంటుంది, అక్కడే కోసి పంపితే అప్‌లోడ్ చేసే డేటా కూడా మిగులుతుంది.

ఏ ఉపకరణం?

బ్రౌజర్‌లో తిప్పేవి రెండు రకాలు. ఒకటి, తిప్పడమనే పనికే ప్రత్యేకంగా ఒక పేజీ ఉన్నవి. ఈజీజిఫ్ ఇలాంటిదే. ఖాతా తెరవక్కర్లేదు, ఫైల్ ఇస్తే తిప్పి ఇస్తుంది. రెండోది, టైమ్‌లైన్ (క్లిప్పుల్ని వరుసగా పరిచే పట్టీ) ఉన్న పూర్తి ఎడిటర్లు. కప్వింగ్, వీడ్ ఈ కోవలోవి. వీటిలో తిప్పడంతో పాటు పాట పెట్టడం, అక్షరాలు వేయడం, క్లిప్పులు అతకడం అన్నీ ఒకేచోట కుదురుతాయి. కాకపోతే లాగిన్ అడుగుతాయి, డబ్బు కట్టకపోతే మూలన తమ ముద్ర వేస్తాయి. ఒక్క క్లిప్ తిప్పడానికి ఇంత హంగామా అనవసరం, మొదటి రకంతో కానిచ్చేయండి. నాలుగైదు క్లిప్పులు కలిపి రీల్ చేయాలంటే రెండోదానికి వెళ్లండి.

ఇంకో తేడా కూడా చూసుకోవాలి. కొన్ని ఉపకరణాలు మీ వీడియోను తమ సర్వర్‌కి పంపించుకుని తిప్పుతాయి, కొన్ని మీ కంప్యూటర్‌లోనే తిప్పుతాయి. పేజీ పూర్తిగా తెరుచుకున్నాక వైఫై ఆపేసి ఫైల్ ఇచ్చి చూడండి. అప్పుడూ పని జరిగితే వీడియో మీ దగ్గర నుంచి ఎక్కడికీ పోవడం లేదన్నమాట. జరగకపోతే సర్వర్‌కే వెళ్తోందనుకోండి. సిరా చుక్క వీడియోకు ఇదంతా అక్కర్లేదు. పిల్లలు స్నానం చేస్తున్న వీడియో, ఇంట్లోవాళ్లు కనిపించే వీడియో అయితే మాత్రం ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి.

ఇప్పుడు బటన్ దగ్గరికి

ఫోన్ నుంచి కంప్యూటర్‌కి కేబుల్‌తోనో, డ్రైవ్‌తోనో తెచ్చుకోండి. వాట్సాప్‌లో వీడియోగా పంపుకుంటే అది కుదించేస్తుంది, ముగ్గు గీతలు మసకబారతాయి. వాట్సాప్ తప్ప వేరే దారి లేకపోతే 'డాక్యుమెంట్'గా పంపండి, ఫైల్ ఉన్నదున్నట్టు వస్తుంది.

ఐఫోన్ వాళ్లకు ఒక మాట. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు హెచ్ఈవీసీ అనే పద్ధతిలో వీడియో దాస్తున్నాయి. సైజు తగ్గుతుంది, కానీ కొన్ని బ్రౌజర్లలో, పాత కంప్యూటర్లలో ఆ ఫైల్ తెరుచుకోదు. శబ్దం వస్తుంది, బొమ్మ నల్లగా ఉంటుంది. తీయడానికి ముందే సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్, అందులో 'మోస్ట్ కంపాటిబుల్' ఎంచుకోండి. ఆండ్రాయిడ్‌లోనూ కొన్ని ఫోన్లలో కెమెరా సెట్టింగుల్లో 'హై ఎఫిషియెన్సీ' అని ఉంటుంది, దాన్ని ఆపేయండి.

తర్వాత బ్రౌజర్ తెరవండి. ఇరవై ట్యాబ్‌లు తెరిచి ఉంటే మూసేయండి, ర్యామ్ లెక్క పైన చూశారు కదా.

1. ఎడిటర్‌లో కొత్త ప్రాజెక్ట్ మొదలుపెట్టి, సైజు ముందే ఎంచుకోండి. రీల్స్‌కి, వాట్సాప్ స్టేటస్‌కి నిలువుగా 9:16. యూట్యూబ్‌కి అడ్డంగా 16:9. తర్వాత మారిస్తే ముగ్గు అంచులు కోసుకుపోతాయి.

2. 'అప్‌లోడ్' నొక్కి క్లిప్ ఎంచుకోండి, లేదా ఫోల్డర్‌లోంచి లాగి పేజీ మీద వదలండి. వచ్చాక టైమ్‌లైన్ మీదకు లాగండి. ఇక్కడే ఒకసారి ముందుకు ప్లే చేసి చూడండి. ముందుకు సరిగ్గా నడవని క్లిప్ వెనక్కి అసలే నడవదు.

3. క్లిప్ రెండు కొసలు పట్టుకుని లోపలికి లాగి అక్కర్లేనిదంతా తీసేయండి. మధ్యలో ముక్క తీయాలంటే 'స్ప్లిట్' నొక్కి రెండుగా కోసి, వద్దనుకున్నదాన్ని డిలీట్ చేయండి.

4. క్లిప్ మీద ఒకసారి క్లిక్ చేయండి, చుట్టూ గీత కనిపించాలి. అప్పుడే దానికి సంబంధించిన బటన్లు వస్తాయి. 'రివర్స్' చాలావరకు 'స్పీడ్' దగ్గరో, 'ప్లేబ్యాక్' దగ్గరో, మూడు చుక్కల మెనూలోనో ఉంటుంది. నొక్కండి. కాసేపు చక్రం తిరుగుతుంది, తిరగనివ్వండి. రాలేదని మళ్లీ నొక్కితే తిరగేసినదాన్ని మళ్లీ తిరగేస్తుంది. మొదటికే వస్తారు!

5. ప్లే చేసి మొదటి నుంచి చివరి దాకా చూడండి. ఒకసారి మామూలుగా, రెండోసారి మనిషిని వదిలేసి వెనకాల ఉన్నవాటినే చూడండి. ఆకులు, నీడలు, గోడ మీద గడియారం, పక్కింటి డాబా మీద ఆరేసిన బట్టలు. పట్టిచ్చేవి ఎప్పుడూ ఇవే.

ఇక్కడ చాలామంది పడే గందరగోళం ఒకటుంది. 'ఫ్లిప్', 'మిర్రర్' అని కనిపించే బటన్లు రివర్స్ కావు. అవి బొమ్మను అద్దంలో చూసినట్టు కుడిఎడమలు మారుస్తాయి. గోడ మీద అక్షరాలు తిరగబడి కనిపిస్తే మీరు తప్పు బటన్ నొక్కారన్నమాట. రివర్స్‌లో అక్షరాలు సరిగ్గానే ఉంటాయి, కాలం మాత్రమే వెనక్కి నడుస్తుంది.

మీ ఎడిటర్‌లో ఎంత వెతికినా రివర్స్ దొరకకపోతే, ముందు మొదటి రకం పేజీలో తిప్పి, డౌన్‌లోడ్ చేసుకుని, ఆ ఫైల్‌ను ఎడిటర్‌లోకి తెచ్చుకోండి. కాకపోతే తిరిగి కుదించిన ప్రతిసారీ నాణ్యత కాస్త తగ్గుతుంది. ముగ్గుపిండి లాంటి సన్నటి వివరాల దగ్గర ఇది కంటికి తెలుస్తుంది. అందుకని కత్తిరించడం, తిప్పడం, పాట పెట్టడం వీలైతే ఒకేచోట కానివ్వండి.

వేగం మార్చాలంటే తిప్పిన తర్వాత మార్చండి. ముగ్గు వీడియోకు మేం మధ్యలో వేగం పెంచి, ముగ్గు పూర్తయ్యే చివరి రెండు సెకన్లు సగానికి తగ్గించాం. దీనికోసం క్లిప్‌ను అక్కడ స్ప్లిట్ చేసి, రెండో ముక్కకు 0.5 పెడితే చాలు.

శబ్దాన్ని ఏం చేయాలి

రివర్స్ నొక్కగానే చాలా ఉపకరణాలు శబ్దాన్ని కూడా తిప్పేస్తాయి. మాటలు ఏదో తెలియని భాషలా వినిపిస్తాయి. చాలాసార్లు 'మ్యూట్' నొక్కి, పైన పాటో వాయిద్యమో పెట్టేయడమే మంచిది. సినిమా పాట పెడితే కాపీరైట్ నోటీసు రావచ్చు, ఎడిటర్‌లోనే ఉన్న సంగీతం వాడుకుంటే ఆ టెన్షన్ ఉండదు. కొన్నింటిలో శబ్దాన్ని విడదీసే వీలుంటుంది. అప్పుడు బొమ్మను మాత్రమే తిప్పి, శబ్దాన్ని మామూలుగా ఉంచుకోవచ్చు.

కానీ మ్యూట్ చేసే ముందు ఒక్కసారి వినండి. కొన్ని శబ్దాలు తిప్పితేనే బాగుంటాయి. గుడిగంట కొట్టగానే టంగుమని మోగి నెమ్మదిగా సన్నగిల్లుతుంది. తిప్పితే ఎక్కడి నుంచో సన్నగా మొదలై, పెరిగి పెరిగి, టక్కున తెగిపోతుంది. ముగ్గు పూర్తయిన క్షణంలో ఆ తెగడం పడేలా పెట్టి చూడండి. మేం గంట బదులు స్టీలు పళ్లెం మీద గరిటతో కొట్టి రికార్డు చేశాం, అదే సరిపోయింది.

మాటల దగ్గర మన భాషలో ఒక తమాషా ఉంది. 'వికటకవి' ఎటు నుంచి చదివినా వికటకవే అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. దాన్ని గట్టిగా పలికి, రికార్డు చేసి, తిప్పి వినండి. 'ఇవకటకివ్' అని వినిపిస్తుంది! వెనక్కి చదివేటప్పుడు మనం అక్షరాల్ని తిప్పుతాం, 'వి'ని 'వి'గానే ఉంచుతాం. కంప్యూటర్‌కి అక్షరాలు తెలియవు, ధ్వనిని తిప్పుతుంది. అందుకని 'వి' కాస్తా 'ఇవ్' అవుతుంది. మరి తిప్పినా అలాగే వినిపించే మాటలు లేవా అంటే ఉన్నాయి, మన ఇంట్లోనే ఉన్నాయి. అమ్మ, అన్న, అవ్వ. అచ్చుతో మొదలై, మధ్యలో ఒత్తు హల్లు వచ్చి, అదే అచ్చుతో ముగుస్తాయి. అక్క, అత్త కూడా దాదాపు అంతే, హల్లు విచ్చుకునే చోట కాస్త వింతగా ఉంటుందంతే. తాత మాత్రం కుదరదు, 'అతాత్' అవుతాడు. వీడియోలో ఎవరైనా ఒక్క మాట పలకాలనుకుంటే 'అమ్మ' పెట్టండి. బొమ్మ వెనక్కి నడుస్తుంటే మాట మాత్రం సూటిగా వినిపిస్తుంది, పెదాలు కూడా కలుస్తాయి.

ముందుకీ వెనక్కీ ఊగే క్లిప్

ఇన్‌స్టాగ్రామ్ 2015లో తెచ్చిన బూమరాంగ్ అందరికీ తెలిసిందే. అదే పనిని బ్రౌజర్‌లో మీ చేతుల్లోకి తీసుకోవచ్చు. తిప్పని క్లిప్‌ను డూప్లికేట్ చేయండి. రెండోదాన్ని రివర్స్ చేసి మొదటిదాని పక్కన అతికించండి. ప్లే చేస్తే మలుపు దగ్గర చిన్న కుదుపు కనిపిస్తుంది. మొదటి క్లిప్ చివరి ఫ్రేము, రెండో క్లిప్ మొదటి ఫ్రేము ఒకటే కావడంతో ఆ బొమ్మ రెండుసార్లు పడుతుంది. టైమ్‌లైన్‌ను బాగా పెద్దది చేసి, రెండో క్లిప్ మొదట్లో ఒక్క ఫ్రేము కోసేయండి. అది మళ్లీ మళ్లీ తిరిగేదైతే చివర్లో కూడా ఒకటి కోయాలి. దీనికి రెండు మూడు సెకన్ల కదలిక చాలు. బోగిమంట ఎగసిపడటం, గొబ్బెమ్మ మీద పువ్వు పెట్టడం, గాలిపటం తోక ఊగడం లాంటివి. ఎక్కువైతే విసుగు.

దించుకోవడం, పంపడం

'ఎక్స్‌పోర్ట్' నొక్కితే ఫార్మాట్ అడుగుతుంది, ఎంపీ4 ఎంచుకోండి. జీఐఎఫ్ ఎంచుకుంటే శబ్దం పోతుంది, రంగులు 256కి పడిపోతాయి, పైగా సైజు పెరుగుతుంది. రిజల్యూషన్ 1080పీ చాలు. ఉచిత ఖాతాలో 720పీకే ఆపేస్తే స్టేటస్‌కు అదీ సరిపోతుంది, పెద్ద తెర మీద చూడాలనుకుంటేనే ఇబ్బంది. ఎక్స్‌పోర్ట్ నడుస్తున్నంతసేపూ ఆ ట్యాబ్‌ను ముందే ఉంచండి. వెనక్కి నెట్టేసిన ట్యాబ్‌లను బ్రౌజర్లు నెమ్మదింపజేస్తాయి, ల్యాప్‌టాప్ మూత వేస్తే పని ఆగిపోతుంది.

వచ్చిన ఫైల్‌కు 'ముగ్గు_తిప్పినది' లాంటి పేరు వెంటనే పెట్టుకోండి. లేకపోతే డౌన్‌లోడ్స్‌లో అంకెల పేర్ల మధ్య ఏది అసలో, ఏది తిప్పిందో తెలీదు. అసలు క్లిప్‌ను మాత్రం డిలీట్ చేయకండి. మా వీడియో అందరూ చూశాక వచ్చిన రెండో ప్రశ్న "అసలు ఎలా తీశారో అదీ పెట్టండి" అని. అక్క వెనక్కి నడుస్తూ వచ్చి, చీపురు అవతలికి తోస్తూ, గంటసేపు కష్టపడి వేసిన ముగ్గును పదిహేను సెకన్లలో ఊడ్చేసిన ఆ క్లిప్‌కే ఎక్కువ నవ్వులు పడ్డాయి.